బాన్ఫ్ హనీమూన్: ఏ నెలలో వెళ్లాలి, ఏ సరస్సులు చూడాలి, ఇద్దరమే ట్రెయిల్ ఎక్కొచ్చా?

ప్రశ్న: తొలకరి

అందరికీ నమస్కారం. ఈమధ్యే పెళ్లయింది. హనీమూన్‌కి కెనడా రాకీ పర్వతాలు అనుకున్నాం. బాన్ఫ్, లేక్ లూయిస్, మొరెయిన్ లేక్ ఎలాగూ చూడాలి, కుదిరితే ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే మీదుగా జాస్పర్ దాకా వెళ్లాలని ఉంది. చేతిలో ఉన్నది ఒక్క వారం. కాల్గరీలో దిగి అద్దె కారు తీసుకుంటాం. సెలవు జూన్ మొదటి వారంలో గానీ, జులై చివర్లో గానీ, సెప్టెంబరు మూడో వారం దాటాక గానీ దొరుకుతుంది. ఈ మూడిట్లో ఏది మంచిది?

మావారికీ నాకూ రోజుకి పది పన్నెండు కిలోమీటర్లు నడవడం ఇబ్బంది కాదు గానీ, కొండ ఎక్కడం కొత్త. జంతువుల్ని చూడాలని ఇద్దరికీ ఆశ. ఎలుగుబంట్ల సంగతి చదివితే మాత్రం గుండె ఝల్లుమంటోంది. మొరెయిన్ దాకా మన కారు పోనివ్వరట, నిజమేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: హిమరేఖ

ఇద్దరికీ శుభాకాంక్షలు. ముందు నెల తేల్చుకోండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

జూన్ మొదటి వారం వదిలేయండి. లేక్ లూయిస్ మీద మంచు మామూలుగా కరిగేదే ఆ రోజుల్లో. పార్క్‌వే మీదున్న పేటో, బో సరస్సులు ఇంకా ఎత్తులో ఉన్నాయి కాబట్టి వాటి మీద అప్పటికీ గడ్డ మంచు ఉండొచ్చు. మొరెయిన్‌లో మంచు పోయినా నీళ్లు సగమే ఉంటాయి, నిండేసరికి జూన్ చివరి వారాలు వస్తాయి. ఫొటోల్లో చూసి ముచ్చటపడే ఆ నీలం రంగు కూడా అప్పుడు రాదు. హిమానీనదం కదులుతూ కింది రాతిని పిండిలా నూరుతుంది. ఎండకు మంచు కరిగి ఆ పిండి సరస్సులోకి కొట్టుకొచ్చాక, నీటిలో తేలుతూ నీలం, ఆకుపచ్చ వెలుగును చెదరగొడుతుంది. కరుగు నీరు జోరుగా వచ్చే జులై, ఆగస్టుల్లోనే రంగు చిక్కబడుతుంది. పైగా జూన్ మొదట్లో ఎత్తు ట్రెయిళ్ల మీద మంచు పోదు, కొన్నిచోట్ల మంచు చరియలు జారిపడే ప్రమాదమూ ఉంటుంది.

జులై చివర్లో సరస్సులు నిండుగా ఉంటాయి, ట్రెయిళ్లన్నీ తెరిచి ఉంటాయి, పొద్దు రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటుంది, కొండ మైదానాల్లో అడవి పూలు విరగబూస్తాయి. జనం మాత్రం విపరీతం. సెప్టెంబరు మూడో వారం దాటితే లార్చ్ చెట్ల కాలం. సూదుల్లాంటి ఆకులున్న చెట్టే అయినా లార్చ్ ఆకులు బంగారు రంగుకి తిరిగి రాలిపోతాయి. ఆ సంబరం రెండు వారాలే, అదీ సుమారు 2,000 మీటర్ల పైన. రాత్రుళ్లు సున్నాకి దిగుతుంది, ఒక్క పూటలో మంచు పడి కనుమ దారులు జారుడుగా మారొచ్చు. కొండ ఎక్కడం కొత్త అన్నారు కాబట్టి నా ఓటు జులైకే.

మొరెయిన్ సంగతి నిజమేనండీ. 2023 నుంచి ఆ రోడ్డు మీదికి సొంత కార్లను పోనివ్వడం లేదు, అద్దె కారుకీ అదే నియమం. జాతీయ పార్కులు చూసే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా షటిల్ గానీ, స్థానిక సిటీ బస్సు రోమ్ గానీ, ప్రైవేటు షటిల్ గానీ ఎక్కాలి. షటిళ్లు నడిచేది జూన్ మొదలు అక్టోబరు నడిమి దాకా. పార్క్స్ కెనడా సీట్లలో కొన్ని వసంతంలోనే బుకింగ్‌కి పెడతారు. మిగిలిన ఎక్కువ సీట్లు ప్రయాణానికి రెండు రోజుల ముందు ఉదయం 8 గంటలకు, అంటే అక్కడి మౌంటెన్ టైమ్ ప్రకారం, వదులుతున్నారు. అకౌంట్ ముందే తెరిచి పెట్టుకుని, 8కి ఐదు నిమిషాల ముందే లాగిన్ అయి ఉండండి. 8 దాటాక పాస్‌వర్డ్ వెతుక్కునేవాళ్లకి పొద్దుటి సీట్లు మిగలవు.

మొరెయిన్ సీటు దొరక్కపోతే నిరాశపడకండి, లేక్ లూయిస్ సీటు తీసుకోండి. రెండు సరస్సుల మధ్య తిరిగే లేక్ కనెక్టర్ బస్సు ఆ టికెట్లోనే కలిసి ఉంటుంది. కారు పెట్టాల్సింది లేక్ లూయిస్ స్కీ రిసార్ట్ పార్కింగ్‌లో. ఊళ్లో పెట్టి షటిల్ కోసం చూస్తూ నిలబడేవాళ్లు చాలామంది. తిరుగు బస్సుకి టైమ్ ఉండదు, వరుసలో ముందున్నవాళ్లు ముందు ఎక్కుతారు. ఆఖరి బస్సుల దగ్గర క్యూ చాంతాడంత అవుతుంది కాబట్టి గంట ముందే లైన్లో ఉండండి.

మొరెయిన్‌లో దిగగానే రాక్‌పైల్ ఎక్కండి. 300 మీటర్ల దారి, మెట్లున్నాయి. పది శిఖరాల లోయ మొత్తం కనపడేది అక్కడి నుంచే. పొద్దున గాలి లేనప్పుడు నీళ్లలో కొండల నీడ నిలుస్తుంది, నీటి రంగు మాత్రం సూర్యుడు పైకొచ్చాకే తేలుతుంది. రెండూ కావాలంటే తొలి షటిల్‌కి వెళ్లి, పక్కనే ఉన్న కన్సొలేషన్ లేక్స్ దాకా నడిచి రండి. వెళ్లను సుమారు 3 కిలోమీటర్లు, పెద్దగా ఎక్కుడు లేదు. తిరిగొచ్చేసరికి రంగు తేలి ఉంటుంది.

జవాబు: అడవిదారి

జంతువుల గురించి నేను చెబుతాను. భయం తగ్గాలంటే ముందు దూరాలు గుర్తుపెట్టుకోండి. ఎలుగు, తోడేలు, కయోటీ (చిన్న తోడేలు లాంటిది), కూగర్ (కొండ సింహం) అయితే కనీసం 100 మీటర్లు. ఎల్క్, మూస్ (రెండూ పెద్ద జింక జాతులు), కొండగొర్రె, కొండమేక అయితే 30 మీటర్లు. చెయ్యి చాచి బొటనవేలు ఎత్తి ఒక కన్ను మూయండి. వేలి చాటున జంతువు పూర్తిగా దాగకపోతే మీరు దగ్గరికొచ్చేశారన్నమాట.

బేర్ స్ప్రే, అంటే ఎలుగు మీద కొట్టే మిరప ఘాటు స్ప్రే, తప్పనిసరిగా తీసుకోండి. విమానంలో చేతి సంచిలోనూ, చెకిన్ లగేజీలోనూ ఒప్పుకోరు కాబట్టి అక్కడ దిగాకే కొనాలి, అద్దెకీ దొరుకుతుంది. డబ్బా మీద గడువు తేదీ చూసుకోండి. అది నడుముకి ఒరలో ఉండాలి. బ్యాగు అడుగున ఉన్న స్ప్రే లేనట్టే లెక్క. ఎలుగు మీదికొస్తే క్లిప్ లాగి, 5 నుంచి 7 మీటర్ల దూరంలోకి వచ్చాక దాని ముందు నేలకి కాస్త పైగా మబ్బులా పరుచుకునేటట్టు కొట్టాలి. డబ్బా మొత్తం ఏడెనిమిది సెకన్లలో ఖాళీ అవుతుంది, అందుకే ముందే దూరం నుంచి వదిలేయకూడదు. గాలి మీవైపు వీస్తే మీ కళ్లకే కొడుతుంది. దోమల మందులా బట్టలకి రాసుకునేవాళ్లు ఉన్నారు, అది చాలా ప్రమాదం. ఎండిపోయిన మిరప మడ్డి వాసనకి ఎలుగులు దగ్గరికే వస్తాయి. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలితే డబ్బా పేలొచ్చు.

అసలు ఆ అవసరమే రాకుండా చూసుకోవాలి. ఎక్కువగా చిక్కొచ్చేది ఎలుగుని ఉలిక్కిపడేలా చేసినప్పుడే. వాగు హోరు, ఎదురుగాలి, దారి మలుపు, పొదలు ఉన్నచోట గట్టిగా మాట్లాడుతూ నడవండి, చప్పట్లు కొట్టండి. బ్యాగుకి కట్టుకునే గంటల శబ్దం చాలదు. జులై నడిమి నుంచి బఫెలోబెర్రీ ఎర్రగా పండుతుంది. ఎలుగులు ఆ పొదల్లో తల పెట్టి గంటల తరబడి తింటాయి, మనిషి వచ్చేది పట్టించుకోవు. దారి పక్కన ఆ ఎర్రకాయల పొదలు, తాజా పేడ కనిపిస్తే గొంతు ఇంకా పెంచండి.

ఎదురుపడితే పరుగెత్తొద్దు. ఇద్దరూ దగ్గరగా నిలబడి, మెల్లగా మాట్లాడుతూ, దాన్ని చూస్తూనే వెనక్కి తగ్గండి. పిల్లల కోసమో తిండి కోసమో కాపలాగా మీదపడిన గ్రిజ్లీ (పెద్ద గోధుమరంగు ఎలుగు) అయితే బోర్లా పడుకుని మెడ వెనక చేతులు పెట్టుకోవాలి. వెంట నడిచి వేటాడినట్టు వచ్చేదైతే పడుకోకూడదు, చేతికందిన దానితో ఎదురు తిరగాలి.

అందరూ ఎలుగు గురించే భయపడి ఎల్క్‌ని పెంపుడు ఆవులా చూస్తారు. బాన్ఫ్ ఊళ్లోనే పచ్చికలో మేస్తూ ఉంటుంది మరి. మే నడిమి నుంచి జూన్ దాకా దూడలున్న తల్లి, సెప్టెంబరులో జత కోసం అరిచే మగది మీదకి దూకుతాయి. చెవులు వెనక్కి వంచి, పళ్లు నూరుతుంటే వెంటనే చెట్టునో కారునో అడ్డం పెట్టుకోండి.

తప్పకుండా చూడాల్సిన చిన్న జీవి ఒకటుంది, పైకా. పిడికిలంత ఉంటుంది, గుండ్రటి చెవులు, తోక కనపడదు. కన్సొలేషన్ లేక్స్ దగ్గరి బండల గుట్టల్లో పదినిమిషాలు కదలకుండా కూర్చుంటే ‘ఈప్’ అని సన్నటి కూత వినిపిస్తుంది. అది చలికాలం నిద్రపోదు. అందుకే ఎండాకాలమంతా గడ్డి, పూలు నోటినిండా కరుచుకొచ్చి బండల కింద గడ్డివామి వేసుకుంటుంది. నోట్లో పూలకాడలు అడ్డంగా పెట్టుకుని బండ మీంచి బండ మీదికి ఉరుకుతుంటే చూడాలి! దేనికీ తిండి పెట్టకండి, ఉడతకైనా సరే. అది చట్టరీత్యా నేరం. పార్కులో డ్రోన్ కూడా నిషేధం, ఫొటోల కోసం తెచ్చుకోవద్దు.

తొలకరి

ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. జులైకే ఖాయం చేసుకున్నాం. ఇంకో రెండు సందేహాలు. ఇద్దరికీ కలిపి ఒక్క స్ప్రే చాలా? మొరెయిన్ దగ్గరి లార్చ్ వ్యాలీకి నలుగురు ఉంటేనే పంపిస్తారని ఎక్కడో చదివాను, మేం ఇద్దరమే మరి?

జవాబు: కాలిబాట

స్ప్రే చెరొకటి ఉండాలమ్మా. ఫొటో కోసం ఒకరు పది అడుగులు వెనకబడినప్పుడే అది అవసరపడొచ్చు.

నలుగురి నియమం నిజమే. ఆ లోయలో గ్రిజ్లీలు తిరిగే రోజుల్లో కనీసం నలుగురు ఒకరినొకరు అంటిపెట్టుకుని నడవాలని పార్క్ ఉత్తర్వు ఇస్తుంది. సలహా కాదు, చట్టం. ఏ రోజు మొదలై ఏ రోజు ముగుస్తుందో ఏడాదికోలా ఉంటుంది, కాబట్టి ముందు రోజు రాత్రి పార్క్స్ కెనడా ట్రెయిల్ రిపోర్టు చూడండి. కన్సొలేషన్ లేక్స్‌కీ ఒక్కోసారి వర్తిస్తుంది. ఉత్తర్వు ఉన్నా హైరానా పడకండి. పొద్దున ట్రెయిల్ మొదట్లో మీలాంటి జంటలు బోలెడంతమంది జత కోసం చూస్తుంటారు. జత కట్టే ముందు ఎంత దూరం, ఎంత వేగం అన్నది తేల్చుకోండి. పైకి వెళ్లాక విడిపోతే దిగేటప్పుడు మళ్లీ నలుగురు కావాలి. లార్చ్ వ్యాలీకి వెళ్లను 4 కిలోమీటర్లు దాటుతుంది, ఎక్కుడు 500 మీటర్లకి పైనే. అక్కడి నుంచి ఇంకా పైకి పోతే సెంటినెల్ పాస్ అనే కనుమ, దాని ఎత్తు 2,611 మీటర్లు, ఆఖరి భాగం నిటారుగా రాతిగుట్ట మీద వంకర్లు తిరుగుతూ పోతుంది. కొత్తవాళ్లు లోయలోనే ఆగినా తక్కువేం కాదు.

ఎక్కడం అలవాటుకి మొదట లేక్ ఆగ్నెస్ చేయండి. లేక్ లూయిస్ ఒడ్డు నుంచి సుమారు మూడున్నర కిలోమీటర్లు, 400 మీటర్ల ఎక్కుడు. పైన చెక్కతో కట్టిన టీ హౌస్ ఉంది, నడిచివచ్చేవాళ్ల కోసం అక్కడ మొదట 1901లో కట్టారు, ఇప్పుడున్నది తర్వాత మళ్లీ కట్టింది. పదింటికల్లా పైనుంటే కూర్చోడానికి చోటు దొరుకుతుంది. మర్నాడు ప్లెయిన్ ఆఫ్ సిక్స్ గ్లేసియర్స్: దాని టీ హౌస్ దాకా వెళ్లను ఐదున్నర కిలోమీటర్లు, అదే మాదిరి ఎక్కుడు, చివర్లో హిమానీనదం ఎదురుగా. రెండిట్లో ఒకటే చేయగలిగితే నేను రెండోదే చేయమంటాను. మొదటి రెండు కిలోమీటర్లు సరస్సు ఒడ్డునే కాబట్టి కాళ్లు సర్దుకుంటాయి, జనం కూడా అక్కడే వెనకబడతారు.

బట్టల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. కాటన్ టీషర్టు, జీన్స్ చెమటకి తడిసి ఆరవు, పైన గాలి తగలగానే వణుకు మొదలవుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. ఒంటికి సింథటిక్ గానీ మెరీనో ఉన్ని గానీ, పైన ఫ్లీస్, ఆపైన వానకోటు. జులైలోనూ టోపీ, గ్లవ్స్ బ్యాగులో ఉండాలి. మధ్యాహ్నం ఉరుములు మామూలే, అందుకే పన్నెండుకల్లా దిగడం మొదలయ్యేటట్టు చూసుకోండి. నీళ్లు మనిషికి రెండు లీటర్లు. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా జియార్డియా అనే కడుపు చెడగొట్టే పరాన్నజీవి ఉండొచ్చు, ఫిల్టర్ చేయకుండా తాగొద్దు.

కనూ పడవ ఎక్కితే లైఫ్‌జాకెట్ బిగించే ఉంచండి. వేసవిలోనూ ఆ నీళ్లు మంచులా ఉంటాయి. పడిన క్షణాన ఊపిరి ఎగబీల్చుకుపోయి నీళ్లు మింగుతారు, ఈత వచ్చినా అంతే.

జవాబు: దారిదీపం

పార్క్‌వే గురించి ఎవరూ చెప్పలేదు. లేక్ లూయిస్ నుంచి జాస్పర్‌కి సుమారు 230 కిలోమీటర్లు. ఆగకుండా పోతే మూడు గంటలు, కానీ ఆగకుండా పోవడం ఎవరివల్లా కాదు, రోజంతా పెట్టుకోండి. చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి. పెట్రోలు మధ్యలో సస్కాచెవాన్ క్రాసింగ్ దగ్గర ఒక్కచోటే, లేక్ లూయిస్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు. అందుకే లేక్ లూయిస్‌లోనే ట్యాంకు నింపుకోండి.

బో లేక్ పొద్దున, పేటో మాత్రం ఎండ నడినెత్తికి వచ్చాక. పేటో చూసేది బాగా ఎత్తు నుంచి కాబట్టి, సూర్యుడు పైనుంటేనే రంగు పూర్తిగా తేలుతుంది. పార్కింగ్ నుంచి వ్యూపాయింట్‌కి పది పదిహేను నిమిషాల ఎక్కుడు. జాస్పర్ ఊళ్లో దాదాపు మూడోవంతు కట్టడాలు 2024 జులై కార్చిచ్చులో కాలిపోయాయి, కాబట్టి గదులు తక్కువ. ముందే బుక్ చేసుకోలేకపోతే దారి మధ్యలోని అథబాస్కా హిమానీనదం దగ్గరే వెనక్కి తిరగండి.

రోడ్డు పక్కన నాలుగు కార్లు ఆగి ఉంటే ఎలుగు ఉన్నట్టే. వేగం తగ్గించి, లోపలి నుంచే చూసి, ముందుకి సాగిపోండి. కిందికి దిగొద్దు. ఆ కార్ల మధ్య నుంచి రోడ్డు దాటలేక తికమకపడి పరుగెత్తినప్పుడే ఎలుగులు వేరే బండ్ల కిందపడతాయి. సాయంత్రం, వేకువన కొండగొర్రెలు ఉప్పు నాకడానికి రోడ్డు మీదే నిలబడతాయి, మిన్నెవాంకా సరస్సు రోడ్డులో మరీనూ. అక్కడ మలుపుల్లో నలభైకి మించొద్దు.