“పాలు మరచి ఎన్నాళ్ళయిందో”: ఇక్కడ మరచింది ఏమిటి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ వాళ్ళ సంక్రాంతి కార్యక్రమానికి పిల్లల చేత సుద్దాల హనుమంతు గారి “పల్లెటూరి పిల్లగాడా” పాడిస్తున్నాను, పసులు కాసే పిల్లవాడి మీద పాట. పల్లవిలో “పాలు మరచి ఎన్నాళ్ళయిందో” అని ఉంది కదా. పేదవాడు కాబట్టి పాలు తాగి చాలా రోజులైందని, అసలు పాల రుచే మర్చిపోయాడని పిల్లలకు చెప్పాను. రిహార్సల్ చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన “అది కాదమ్మా” అని నవ్వి వెళ్ళిపోయారు. మరి ఏమిటి? ఇంకో సంగతి, “జీతగాడా” అంటే మా పిల్లలు నెలనెలా శాలరీ తీసుకునేవాడు అనుకుంటున్నారు!

జవాబు:
పెద్దాయన నవ్వడంలో తప్పులేదమ్మా, కానీ చెప్పి వెళ్ళాల్సింది. పాలు మరవడం అంటే చనుబాలు మానడం. మా దిక్కు ఇప్పటికీ “పిల్లకు పాలు మరిపించిన్రా?” అని అడుగుతారు. కోస్తాలో “మాన్పించారా” అంటారు. రొమ్ముకు వేపాకు ముద్ద రాసి మరిపించడం ప్రతి ఇంట్లో ముసలమ్మలకు తెలిసిన పనే. కవి అడుగుతున్నది “తల్లి రొమ్ము వదిలి ఎన్నాళ్ళయిందిరా నీకు, అప్పుడే పసుల కాడికి వచ్చినవు?” అని. పిల్లవాడి వయసు ఆరో ఏడో అని అంకె వేయలేదాయన. తల్లులు వయసు లెక్కపెట్టుకునే పద్ధతిలోనే లెక్కపెట్టాడు.

మీరు చెప్పిన అర్థం పూర్తిగా కొట్టేయాల్సిందీ కాదు. పొద్దంతా పాడి ఆవుల వెంట తిరిగేవాడికి ఆ పాలు చుక్క దక్కవన్న ధ్వని ఆ మాటలో మోగుతూనే ఉంది. పక్కనే “పాలబుగ్గల” అని ఇంకో పాలు తగిలించాడు. అయితే పిల్లలకు ముందు అసలు అర్థం చెప్పి, ధ్వని సంగతి తర్వాత చెప్పండి.

ఇక జీతగాడు. జీతం అనే మాట సంస్కృతపు “జీవితం” నుంచి వచ్చింది, బతకడానికి ఇచ్చేది అని. ఆఫీసు జీతం తర్వాతి కాలపు సంగతి. తెలంగాణలో “జీతం ఉండుడు” అంటే ఒక ఆసామి ఇంట్లో ఏడాదికి కుదిరి, పగలూ రాత్రీ అక్కడే చాకిరీ చేయడం. తండ్రి చేసిన అప్పు కింద కొడుకు జీతం ఉండేవాడు. అప్పు తీరేది కాదు, వడ్డీకే ఒళ్ళు చాలేది కాదు. నిజాం కాలంలో ఇలా అప్పుకు కట్టుబడినవాణ్ణి భాగేలా అనేవారు. ఆ ఒప్పందాలను అదుపు చేస్తామని 1936లో ప్రభుత్వం చట్టం చేసినా, ఊళ్ళో దొర మాటే చట్టం. దేశమంతటికీ వెట్టి నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. అంటే ఈ పాట పుట్టిన ఎన్నో ఏళ్ళకు.

హనుమంతు గారిది నల్లగొండ. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో పాటను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగినవాడు. గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం, జనం అప్పటికే చూసి నవ్వుకునే, ఏడ్చుకునే రూపాలనే తీసుకుని వాటిలో కొత్త మాట పెట్టాడు. 1982లో పోయాడు. ఇప్పుడు సినిమా పాటలు రాసే సుద్దాల అశోక్‌తేజ ఆయన కొడుకే.

ఆ కాలపు పాటలు వందల్లో ఉంటే ఇదే ఎందుకు నిలిచిందో చెప్పమంటే, నేను వ్యాకరణం వైపు చూపిస్తాను. పాట మొత్తం రెండు “ఆ”ల మీద నడుస్తుంది. ఒకటి పిలుపులోని ఆ: పిల్లగాడా, మొనగాడా, జీతగాడా. రెండోది ప్రశ్నలోని ఆ: పెట్టావా, వచ్చాయా, గొట్టాడా. చెవికి రెండూ ఒకటే. పిలుస్తున్నాడా అడుగుతున్నాడా తేడా తెలియకుండా చరణం ముగుస్తుంది. రాగం తీయడానికి దీర్ఘం దొరికింది, పాడేవాడికి హాయి. వినేవాడికి మాత్రం జవాబు బాకీ పడుతుంది. పాటలో ఒక్క నినాదం లేదు. “దొర నశించాలి” అనడు. నీ అంగీ సగం ఖాళీ కదరా, చలి పెడుతుందా అని అడుగుతాడు, అంతే.

దీని పక్కన బండి యాదగిరి గారి “బండెనక బండి కట్టి” పెట్టి చూడండి. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతులో అది వింటే ఇప్పటికీ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. కానీ దాని ఊపంతా “నైజాము సర్కరోడా” అని ఎదుటివాణ్ణి నిలదీయడంలో ఉంది. ఆ నైజాం ఎవరో తెలియని పిల్లవాడికి కథ చెప్పాలి. పసుల పిల్లవాడి పాటకు ఆ కథ అక్కర్లేదు. హోటల్లో బల్లలు తుడిచే పిల్లవాణ్ణి చూసినా అదే ప్రశ్న నోట్లోకి వస్తుంది. రెండూ గొప్ప పాటలే, నా ఓటు మాత్రం దీనికే.

వ్యాఖ్య (అమలాపురం నుంచి):
మాస్టారూ, మా గోదావరి వైపు వీళ్ళని పాలేళ్ళు అంటామండి. జీతగాడు అని మా తాతగారి నోట కూడా వినలేదు. పాటలో “పాలికాపు నిన్నే గొట్టాడా” అని ఉంది కదండీ. పాలికాపు అంటే కూడా పాలేరే కదా? పాలేరు పాలేరుని కొట్టడమేంటండీ?

జవాబు:
మంచి చోట పట్టుకున్నారు. పాలికాపు మాటలోని పాలు వేరు, అది వాటా. పంటలో పాలుకు సేద్యం చేసేవాడు పాలికాపు. కొన్ని ఊళ్ళలో పెద్ద జీతగాడినీ అలాగే పిలిచేవారు. మీరు ఏ అర్థం తీసుకున్నా వాడు దొర కాదు, దొర కింద ఉన్న మనిషే. ఆవుదూడలు కంచె దూకి చేలో పడ్డాయి, దెబ్బలు పిల్లవాడికి పడ్డాయి, కొట్టిన చెయ్యి మాత్రం ఇంకో బీదవాడిది. గడీలోంచి, అంటే దొర ఇంట్లోంచి వచ్చే దెబ్బ చిట్టచివరి మనిషి వీపు దాకా ఎలా దిగుతుందో ఆ ఒక్క మాటలో పెట్టాడు. పోరాటంలో ఉన్న మనిషి కాబట్టి అన్ని చరణాల్లోనూ దొరనే తిట్టిపోయొచ్చు. అలా చేయలేదు చూడండి.

“నిన్నే” అన్నది కూడా వదలకండి. నిన్ను కాదు, నిన్నే: చేలో పడ్డవి దూడలు, దెబ్బ నీకే.

వ్యాఖ్య (సూర్యాపేట నుంచి):
అన్నా, బెంగళూరు అక్కకు ఇంకో రెండు మాటలు చెప్పుర్రి, లేకుంటే పిల్లలు స్టేజీ మీద తప్పు సైగలు చేస్తరు. “గోనె చింపు కొప్పెర పెట్టావా” అన్న కాడ చెయ్యి మీద దుప్పటి వేసుకున్నట్టు చేస్తరు సూడు. కొప్పెర అంటే అది గాదు. గోనె సంచి అడుగున రెండు మూలలుంటయి గదా, ఒక మూలను ఇంకో మూల లోపలికి దోపితే టోపీ తీరుగ అయితది. దాన్ని నెత్తికి తగిలిస్తే వీపు మీదికెల్లి కిందికి జారుతది. వానకు, చలికి అదే. ఉన్నోళ్ళు గొంగడి కొప్పెర పెట్టుకుంటరు, లేనోడు సంచిది. ఈ పిల్లగాడిది చినిగిన సంచి. అందుకే దానికి చిల్లులెన్నో లెక్కపెట్టినవా అని అడుగుతడు. నేను చిన్నప్పుడు బర్లు కాసేటప్పుడు పెట్టుకున్న, వాన పడితే సంచి బరువుకు మెడ గుంజుతది.

తాటి జెగ్గలు అంటే తాటి మట్ట మొదట్ల వెడల్పుగ ఉండే ముక్క. తాడు కట్టి చెప్పులు జేసుకుంటరు. కాలు మలవది, అడుగు చక్కగ పడది. “తప్పటడుగుల నడక” అన్నది అందుకే. చిన్నోడి నడక అని గూడ అనుకోవచ్చు.

జవాబు:
తమ్ముడూ, ఇంత బాగా నేను చెప్పలేకపోయేవాణ్ణి. అమ్మా, స్టేజీకి ఒక గోనె సంచి తెప్పించండి, ఈ పద్ధతిలోనే మడవండి.

కొలతల చరణం కూడా పిల్లలకు విడమరచాలి. నెలకు కుంచం జీతం. కుంచం అంటే తూములో నాలుగో వంతు, తూము ప్రాంతాన్ని బట్టి మారేది. అది కూడా తాలు కలిసినది. తాలు అంటే లోపల గింజ లేని పొట్టు. “గాసం” మన గ్రాసమే, తిండి గింజలు. ఆ కల్తీ గింజల్లోనూ కొలిస్తే శేరు తక్కువ. జీతం తక్కువ, ఇచ్చిందాంట్లో తాలు, కొలతలో మోసం అని మూడు దోపిడీలు ఒక చరణంలో పట్టాయి. అర్థశాస్త్రం చదివినవాళ్ళు పుస్తకం రాస్తారు దీనిమీద.

వ్యాఖ్య (అమలాపురం నుంచి):
ఒక చిన్న అనుమానమండి. సూర్యాపేట తమ్ముడు ఇక్కడ “లెక్కపెట్టినవా” అని రాశాడు. పాటలో “పెట్టావా”, “గొట్టాడా” అని మా వైపు క్రియలు ఉన్నాయేంటండీ? నల్లగొండ కవి కదా!

జవాబు:
ఇది నన్నూ ఎప్పటినుంచో గిలిపెడుతున్న విషయం. పసులు, పిల్లగాడు, జీతగాడు, కొప్పెర, జెగ్గ, నామవాచకాలన్నీ నల్లగొండవి. క్రియలు మాత్రం అచ్చు పుస్తకాల తెలుగు. ఆంధ్రమహాసభ (నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ సంస్థ), కమ్యూనిస్టు పార్టీ వేదికల మీద రెండు వైపుల కార్యకర్తలూ కలిసి తిరిగారు, పత్రికలూ పాటల పుస్తకాలూ ఆ భాషలోనే వచ్చేవి. దాని ప్రభావం అనుకుంటాను. రాగం కూడా ఒక కారణం కావచ్చు. “పెట్టినవా” అంటే ఒక అక్షరం ఎక్కువ, రాగం తీయడానికి ఒక దీర్ఘం తక్కువ. అలా పాడేవాళ్ళూ ఉన్నారు, ఊళ్ళలో నాట్లేసే ఆడవాళ్ళ నోట “పెట్టినవ” అనే విన్నాను, చివర దీర్ఘం తీయకుండా. సూర్యాపేట తమ్ముడూ, మీ ఊళ్ళో ఎట్లా పాడతారో రికార్డు చేసి పెట్టగలవా? చరణాల వరుస కూడా చెప్పు, ఒక్కో ఊళ్ళో ఒక్కోలా ఉంది.