రాస్ప్‌బెర్రీ పై 4లో నియాన్ కోడ్‌కి వేగం ఎందుకు రావట్లేదు?

చిత్తూరు దగ్గర ఒక పల్ప్ ఫ్యాక్టరీ కోసం, తోతాపురి కాయలను రంగును బట్టి వేరు చేసే కెమెరా ప్రోగ్రామ్ సీ భాషలో రాస్తున్నాను. 1920×1080 ఫ్రేమ్‌ని ఆర్‌జీబీ నుంచి హెచ్‌ఎస్‌వీకి (రంగు, గాఢత, వెలుగు విడివిడిగా ఉండే రూపం) మార్చి మాస్క్ (కావాల్సిన రంగున్న పిక్సెళ్ల గుర్తులు) తీయాలి. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో ఏవీఎక్స్2తో (ఒకేసారి చాలా పిక్సెళ్ల మీద పనిచేసే ఇన్‌స్ట్రక్షన్లు) 4 మిల్లీసెకన్లు. పై 4 అనే చిన్న కంప్యూటర్‌లో (ఆర్మ్ ప్రాసెసర్ కార్టెక్స్ ఏ72) నియాన్ (ఆర్మ్‌లో అలాంటి ఇన్‌స్ట్రక్షన్లే) ఇంట్రిన్సిక్స్‌తో, అంటే వాటిని సీ నుంచే నేరుగా పిలిచే ఫంక్షన్లతో, 19. మామూలు సీ కోడే 21! చేత్తో రాసిన నియాన్‌కి ఇంతకంటే చాలా ఎక్కువ రావాలి.

జీసీసీ కంపైలర్‌లో ఓ3 (ఎక్కువ వేగం కోసం), ఏ72కి తగిన ఫ్లాగ్ పెట్టాను. లూప్ అన్‌రోల్ చేశాను, ప్రీఫెచ్ (డేటాను ముందే క్యాష్‌లోకి తెచ్చుకోవడం) పెట్టాను, తేడా లేదు. వేడికి క్లాక్ కూడా తగ్గట్లేదు, 1.5 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంది. ఫ్రేమ్ సుమారు 6 ఎంబీ, ఎల్2 క్యాష్ 1 ఎంబీయే, పైగా రంగు మార్చడం, మాస్క్ తీయడం వేర్వేరు పాస్‌లు. ఆర్‌జీబీని విడదీయడానికి వీఎల్‌డీ3 (మూడు రంగులను వేర్వేరు రిజిస్టర్లలోకి లోడ్ చేసే నియాన్ ఇన్‌స్ట్రక్షన్) వాడుతున్నాను, దాని మీదా అనుమానం ఉంది.

అడ్డుపడుతున్నది మెమరీనా, వీఎల్‌డీ3నా అని ఏ72లో పెర్ఫ్‌తో (లినక్స్‌లో వేగాన్ని కొలిచే టూల్) ప్రాసెసర్‌లోని ఏ కౌంటర్లు చూసి తేల్చుకోవాలి?