అల్ మర్రే పబ్ ల్యాండ్‌లార్డ్: అది వెక్కిరింపా, భజనా?

కృష్ణలంక కుర్రాడు:
ఈ బ్రిటిష్ కమెడియన్ సంగతి తేల్చండి. 1994 నుంచి వేస్తున్న వేషం ఒకటే: ‘పబ్ ల్యాండ్‌లార్డ్’, అంటే పబ్ నడిపే పెద్దమనిషి. గుండు, మెరూన్ కోటు, చేతిలో బీరు, ఫ్రెంచివాళ్ల పేరెత్తితే మంట. మర్రే ఏమో ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివినవాడు. మూర్ఖ దేశభక్తిని ఎగతాళి చేసే వేషమంటారు. కానీ హాల్లో చాలామంది ఆ మాటలు నిజంగానే నచ్చి చప్పట్లు కొడతారు కదా!

స్లౌ సుబ్బు:
ఎవరు ఎందుకు కొట్టారో మీకెలా తెలుసు బ్రదర్? ముందు వరసలో కూర్చున్నవాడి బతుకు బస్టాండే. ఈ ల్యాండ్‌లార్డ్ వాడి పేరడుగుతాడు, ఏం పని చేస్తావంటాడు, ఏం చెప్పినా ఉతికేస్తాడు. 2015 పార్లమెంటు ఎన్నికల్లో, ఇంగ్లండ్‌లోని సౌత్ థానెట్ సీటులో, బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి రావాలనే యూకిప్ పార్టీ నేత నైజెల్ ఫరాజ్ మీద ఇదే వేషంలో పోటీకి దిగినప్పుడు ఏమన్నాడు? ఫ్రాన్స్‌కి సముద్రం కింద వెళ్లే ఛానెల్ టన్నెల్‌ని బ్రిటిష్ ఇటుకలతో మూసేస్తాడట, పనికి మాత్రం పోలండ్ వలస కూలీలని పిలవాలట! ఇందులో ఎవరి పరువు పోయింది?

మంజీర:
జోకు బాగుంది సుబ్బు గారూ, వచ్చిన ఓట్లే 318. ఫరాజ్ ఓడింది కన్సర్వేటివ్ పార్టీ అభ్యర్థి మెకిన్లే చేతిలో, 2,812 ఓట్ల తేడాతో. మర్రే ఓట్ల వల్ల ఫలితమేం మారలేదు. మరుసటి ఏడాది రెఫరెండంలో థానెట్ జనం ఈయూ వద్దనే ఓటేశారు.

స్లౌ సుబ్బు:
ఓట్లు తిప్పడం కమెడియన్ డ్యూటీనా?

మంజీర:
కాదు. నా గొడవ వేరే. ఎడిన్‌బరో ఫెస్టివల్లో కామెడీకిచ్చే పెర్రియర్ అవార్డుకి మర్రే వరసగా మూడేళ్లు నామినేషన్ దగ్గరే ఆగి, 1999లో కొట్టాడు. ఆ రోజుల్లో ఆ వేషానికి పదునుండేది. తర్వాత స్కై టీవీలో సిట్‌కామ్, 2007లో ఐటీవీ ఛానెల్లో సెలబ్రిటీలతో షో. రాత్రిపూట ఇంటింటికీ వచ్చి కబుర్లు చెప్పే హోస్టుని ఎవరు అసహ్యించుకుంటారు? ముద్దొస్తాడు. జనాన్ని తిట్టి లాభం లేదు, టీవీయే ఆయన్ని ఇంటి మనిషిని చేసింది.

కృష్ణలంక కుర్రాడు:
పాత జబ్బే ఇది. 1960ల్లో బీబీసీలో ఆల్ఫ్ గార్నెట్ అనే జాత్యహంకారి పాత్ర ఉండేది. వేసిన వారెన్ మిచెల్ యూదుడు, వామపక్షవాది. అయినా ఆల్ఫ్‌ని హీరో చేసుకున్నవాళ్లున్నారు.

స్లౌ సుబ్బు:
మరి మర్రే 2019 నుంచి చరిత్రకారుడు జేమ్స్ హాలండ్‌తో రెండో ప్రపంచ యుద్ధం మీద పాడ్‌కాస్ట్ చేస్తున్నాడు, సొంత గొంతుతో! అది విన్నాక కూడా ల్యాండ్‌లార్డే అసలు మర్రే అనుకుంటారా?

మంజీర:
పాడ్‌కాస్ట్ వినేవాళ్లూ, బీరు పట్టుకుని షోకొచ్చేవాళ్లూ ఒకళ్లేనంటారా?