మద్దెల ఓడా? మద్దెలోడా?

వైట్‌ఫీల్డ్ బాటసారి:
రెండు వారాలుగా ఒక సామెత తోక దొరక్క తిరుగుతున్నాను. 44వ ఏట ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ కొన్నాను. ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం, అసలు డ్రమ్స్ పెడితే సామాను సర్దుకోవాల్సిందే. ఇదైతే వలలాంటి జాలీ ప్యాడ్లు, రబ్బరు తాళాలు, మోతంతా హెడ్‌ఫోన్‌లోనే. మొదటి పాఠం తెలిసిందేగా: కుడిచేత్తో హై-హ్యాట్ అనే జంట తాళం మీద ఎనిమిది దెబ్బలు, ఒకటికీ మూడుకీ కాలితో కిక్, రెండుకీ నాలుగుకీ ఎడమచేత్తో స్నేర్. లయ చూపే మెట్రోనోమ్ నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టుకున్నా ప్రతి దెబ్బా కొంచెం వెనకబడుతోంది. "ఇందులోనే ఏదో తేడా ఉంది" అన్నాను. అమ్మ కుక్కర్ మూత తీస్తూ "ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అంది.

ఇంతవరకు బాగానే ఉంది. అమ్మమ్మ దీనికి జంటగా "పాడలేక..." అని ఇంకో ముక్క అనేది. అమ్మకీ గుర్తు రావడం లేదు. ఎవరింట్లోనైనా విన్నారా?

పినాకిని:
ముందు "ఓడు" సంగతి తేల్చండి. మా ఇంట్లో "మద్దెల ఓటు" అనే అనేవాళ్ళు. కుండ ఓటుపోయింది అంటాం గానీ ఓడుపోయింది అనం కదా.

కొత్తావకాయ:
ఈ రోజుల్లో మద్దెల ఓటు అంటే ఏ పార్టీకి అని అడుగుతారు.

అరసున్న:
పగిలినది అనే అర్థంలో ఓడు అనేదే అసలు మాట, ఓటి దాని ఔపవిభక్తికం, అంటే ఇంకో మాట ముందు చేరేటప్పటి రూపం. కూడు–కూటి, కాడు–కాటి, ఏడు–ఏటి, అలాగే ఓడు–ఓటి. అందుకే కుండ ముందు చేరితే ఓటికుండ, వాక్యం చివర నిలబడితే ఓడు. 1858లోనే చిన్నయసూరి బాలవ్యాకరణంలో దారి వేసిపెట్టాడు, మనం మళ్ళీ తవ్వుకోనక్కర్లేదు.

పినాకిని:
చిన్నయసూరి మా అమ్మమ్మ వంటింట్లోకి రాలేదండీ.

గుమ్మెట:
నేను తబలా, డ్రమ్స్ రెండూ నేర్పుతాను, కాబట్టి నా గోల వేరు. ఇక్కడ పగులూ లేదు, బీటా లేదు. అది "మద్దెలోడు". మద్దెల వాయించేవాడు! అడుగు తప్పిన ప్రతిసారీ ఆటగత్తె తిట్టేది మనిషినే గానీ చెక్కను కాదు. పాతికేళ్ళుగా స్టేజి మీద నేను పడుతున్నది అదే.

అరసున్న:
అప్పుడు "మద్దెలోణ్ణి అన్నట్టు" అని ఉండాలి. "నన్ను అన్నాడు" అంటే తిట్టాడని, "నేను అన్నాడు" అంటే అర్థమే లేదు. మీ సిద్ధాంతానికి ఒక "ణ్ణి" బాకీ ఉంది.

గుమ్మెట:
నోటి మాటలో ఎన్ని ణ్ణిలు అరిగిపోలేదు? మద్దెల + ఓడు కలిసినా మద్దెలోడే, మద్దెలవాడు నలిగినా మద్దెలోడే. వినేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

మల్లేశ్వరం మాస్టారు:
తేడా వస్తువులో ఉంది. మృదంగం అన్న మాటలోనే మృత్తు ఉంది, అంటే మట్టి. పనసమాను తొలిచి చేసేవాటికి ముందు మట్టివి ఉండేవని ఆ పేరే చెబుతోంది. మట్టిదైతే కుండలాగే బీట పడుతుంది, ఓడు అవుతుంది. సామెతకు ఆ మట్టి వాసన ఇంకా ఉంది. చెక్క మద్దెలను చూసినవాడు ఓడు అనే మాట వాడడు.

ఆ మాటకొస్తే కంచుది కూడా పగులుతుంది. శ్రీనాథుడు ఏమన్నాడు? "పగులగొట్టితిని గౌడడిండిమభట్టు కంచుఢక్క" అని.

అరసున్న:
మాస్టారూ, "పగులఁ గొట్టించి తుద్భట వివాద ప్రౌఢి గౌడడిండిమభట్టు కంచుఢక్క". కొట్టించితి, కొట్టితి కాదు. ఆయన చేత్తో సుత్తి పట్టలేదు, వాదంలో గెలిచి పగులగొట్టించాడు. అరసున్న కూడా దయచేసి వదలకండి, నా పేరు పోతుంది.

మల్లేశ్వరం మాస్టారు:
ఒప్పుకున్నాను, "ఇంచు" మింగేశాను. ఆ ఒక్క ప్రత్యయంలోనే ఉంది శ్రీనాథుడి దర్జా అంతా. పైపాదంలో దీనారటంకాలతో, అంటే బంగారు నాణేలతో, తీర్థమాడానంటాడు, కింది పాదంలో సార్వభౌమ బిరుదు పాదుకొల్పానంటాడు, ఒక్క సీసపద్యంలో ఊరేగింపు అంతా అయిపోతుంది. అదే మనిషి చివర్లో, చాటువును నమ్మితే, బొడ్డుపల్లె గుత్తకు తీసుకుని "ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూరు" అని తల పట్టుకున్నాడు. స్నానానికి ఉన్న టంకాలు శిస్తుకు లేకపోయాయి. నాకు ఆ రెండో శ్రీనాథుడే ఎక్కువ ఇష్టం. మొదటివాడు సభలో బాగుంటాడు, రెండోవాడు పక్కింట్లో ఉన్నట్టుంటాడు.

కొత్తావకాయ:
రబ్బరు తాళాల సంగతి ఎవరూ ఎత్తలేదు. "కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా" అన్న వేమన ఈ కిట్ చూస్తే రబ్బరు గురించి ఏమనేవాడో!

మైలాపూర్ మిరియం:
చెన్నై నుంచి చిన్న సందేహం. ఇక్కడ ఆడటం రానిదాని నింద "కూడం కోణల్", అంటే సావడి వంకర. మీ బెంగళూరులో "కుణియలారదవళు నెల డొంకు", అంటే నేల వంకర. హిందీలోనూ ముంగిలే వంకర. అందరూ నేలను తిడితే మనం మద్దెలను ఎందుకు తిట్టాం?

గుమ్మెట:
మనవాళ్ళు నేలను తిట్టరు, తొక్కుతారు. కూచిపూడి చూడండి.

వైట్‌ఫీల్డ్ బాటసారి:
నా "పాడలేక" ఎటో పోయింది గానీ ఒక చిన్న కబురు. మద్దెల నిజంగానే ఓడు! నేను వాడింది బ్లూటూత్ హెడ్‌ఫోన్. పుల్ల తగలగానే ప్యాడ్ కింద ఉన్న పీజో బిళ్ళ దెబ్బను కరెంటుగా మార్చి మాడ్యూల్‌కు పంపుతుంది, అక్కడ దాచిన చప్పుడు మనకు వినిపిస్తుంది. అంతవరకు ఆలస్యం తెలియదు. మధ్యలో బ్లూటూత్ దూరేసరికి 100 మిల్లీసెకన్లకు పైగా వెనకబడుతోంది. వైరున్న హెడ్‌ఫోన్ పెట్టాక సగం తప్పులు పోయాయి. మిగతా సగం నావేనని అమ్మ తేల్చింది.

గుమ్మెట:
నేర్చుకునేవాళ్ళందరికీ ఇదే చెబుతుంటాను. ఇంకోటి, టామ్ కొడితే పక్క తాళం మోగుతుంటే అదీ మీ తప్పు కాదు. ఒక ప్యాడ్ అదురు ర్యాక్ పట్టుకుని ఇంకో ప్యాడ్‌కు పాకుతుంది. మాడ్యూల్‌లో థ్రెషోల్డ్, అంటే ప్యాడ్ మోగడానికి కావలసిన కనీస దెబ్బ, కొంచెం పెంచండి. మరీ పెంచితే మెల్లగా కొట్టిన దెబ్బలు వినపడవు.

వైట్‌ఫీల్డ్ బాటసారి:
నేల డొంకు సంగతి కూడా నిజమే. కింది ఇంటావిడ నిన్న పైకి వచ్చారు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాం కదా అని నా ధీమా. కిక్ పెడల్ తొక్కుడు మాత్రం శ్లాబులోంచి నేరుగా ఆవిడ పూజగదిలోకి దిగుతోందట. ఇప్పుడు రెండు ప్లైవుడ్ పలకల మధ్య టెన్నిస్ బంతులు పెట్టి దాని మీద కిట్ కూర్చోబెట్టాను. ఆవిడ సాయంత్రం లిఫ్ట్‌లో నవ్వారు, అది ఒప్పుకోలో జాలో తెలియలేదు.

అరసున్న:
మీ "పాడలేక"కు దారి ఛందస్సులోనే ఉంది. ఆడ–లేక–మద్దె–లోడు. గల, గల, గల, గల. ఒక్కో గలం అంటే ఒక గురువు, ఒక లఘువు, మూడు మాత్రలు. నాలుగు సూర్యగణాలు. విడదీసి "మద్దెల ఓడు" అంటే నడక కుంటుతుంది, కాబట్టి అకారసంధి చేసి తీరాలి. జంట ముక్కకూ అదే నడక ఉండాలి: పాడ–లేక, తర్వాత ఇంకో రెండు గలాలు.

గుమ్మెట:
అంటే తకిట తకిట తకిట తకిట. సంధి మీరే చేశారు కాబట్టి మద్దెలోడు నా ఖాతాలో!

అరసున్న:
సంధి జరిగితే అర్థం మారదు. పైగా మీకు రావలసిన "మద్దెలోణ్ణి" కూడా గల గలే. ఛందస్సు మిమ్మల్ని అడ్డుకోవడం లేదు, వ్యాకరణం అడ్డుకుంటోంది.

మల్లేశ్వరం మాస్టారు:
"పాడలేక గొంతు బొంగు" అని పూరిస్తే సరిపోదూ?

అరసున్న:
సరిపోతుంది. మీరు ఇప్పుడే అల్లారని కూడా తెలుస్తోంది.

వైట్‌ఫీల్డ్ బాటసారి:
మాస్టారిది అమ్మకు చదివి వినిపించాను. "ఇది కాదు, కానీ ఇలాగే ఉండేది" అంది. ప్రస్తుతానికి హై-హ్యాట్ మీద మూడేసి చొప్పున కొడుతూ, ఆడలేక మద్దెలోడు, పాడలేక అని వాయించి, తర్వాతి ఆరు మాత్రలూ ఖాళీగా వదిలేస్తున్నాను.

పినాకిని:
మద్దెలోటు అన్నా గల గలే కదండీ.