‘ది లాస్ట్ ఆఫ్ ది మోహికన్స్’: అదే వేట రెండుసార్లు ఎందుకు?

ప్రశ్న: జేమ్స్ ఫెనిమోర్ కూపర్ 1826లో వెలువరించిన ఈ నవల మాకు ఎం.ఏ.లో పాఠ్యాంశం. కల్నల్ మన్రో కుమార్తెలు కోరా, ఆలిస్ హ్యూరన్ అనే అమెరికా ఆదివాసీ తెగ యోధుడైన మాగువా చేతికి చిక్కడం, తెల్లజాతి వేటగాడు హాకై బృందం అడవిలో జాడ పట్టి వారిని విడిపించడం మొదటి సగంలోనే జరిగిపోతాయి. మన్రో అధీనంలోని ఆంగ్లేయుల విలియం హెన్రీ కోట ఫ్రెంచివారి వశమయ్యాక అదే కథ మళ్లీ మొదలవుతుంది. దీనిని కథాసంవిధానంలోని లోపంగా భావించాలా? పెద్దలు వివరించగలరు.

జవాబు: లోపమని నేను అనుకోవడం లేదు. 1757 ఆగస్టులో కోట ఫ్రెంచి సేనాని మోంకామ్ సేనకు లొంగిపోవడం, బయటికి వెళ్లిపోతున్న వారిపై దాడి జరగడం చరిత్రలోని సంఘటనలే. వాటిని కూపర్ నవల నడిమధ్యన నిలిపాడు. మొదటి ప్రయాణం కోట వైపు, అంటే సైనిక హోదాలు చెల్లే చోటికి సాగుతుంది. రెండవది ఉత్తరాన హ్యూరన్ల, డెలావేర్లనే మరో ఆదివాసీ తెగవారి గూడేలకు. ఆ అక్కచెల్లెళ్ల వెంట వచ్చిన ఆంగ్లేయ సైనికాధికారి మేజర్ హేవర్డ్ అంతటివాడు అక్కడ ముఖానికి రంగులు పూయించుకొని, ఫ్రెంచివారు పంపిన వైద్యుడినని చెప్పుకొంటే తప్ప గూడెంలో అడుగు పెట్టలేకపోయాడు. హాకై బృందంలోని మోహికన్ తెగ యువకుడు ఉంకస్ సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. అంతవరకు తండ్రి చింగాచ్‌గుక్ వెనుక మౌనంగా నడిచిన ఆ యువకుడి చొక్కా డెలావేర్ల ఎదుట చిరిగి, రొమ్ము మీద నీలిరంగు తాబేలు పచ్చబొట్టు బయటపడగానే, వయోవృద్ధుడైన టామెనుండ్ అతనిని తమ వంశాంకురంగా గుర్తిస్తాడు. ఈ తారుమారు కోసమే రెండవ వేట అవసరమైంది.

మరొక జవాబు: సంవిధానం వరకు అంగీకరిస్తాను. కానీ హాకై ఎలుగుబంటి తోలు కప్పుకొని గూడెమంతా తిరుగుతున్నా శత్రువులు పసిగట్టకపోవడాన్ని ఎలా సమర్థిస్తారు? ఎండుపుల్ల విరిగిన చప్పుడు లేనిదే కూపర్ కథ నడవదని మార్క్ ట్వైన్ 1895 నాటి వ్యాసంలో ఎగతాళి చేసింది ఊరికే కాదు. నన్ను అడిగితే, నవలను నిలబెట్టింది మాగువా. తెల్లవారే అలవాటు చేసిన సారా తాగినందుకు మన్రో అతనికి కొరడా దెబ్బలు కొట్టించాడు. ఆ మచ్చలు చూపి అతడు అడిగే ప్రశ్నకు కోరా వద్ద కూడా సరైన సమాధానం లేదు.

ఇంకొక జవాబు: కోరాను మరచిపోకండి. ఆమె తల్లి వెస్టిండీస్ స్త్రీ, ఆ వంశంలో దూరపు తరాలవారు బానిసలు. ఆమెను మూగగా ఆరాధించిన ఉంకస్, ఆమె ఇద్దరూ చనిపోతారు. ఆలిస్, హేవర్డ్ బతుకుతారు. కోరా, ఉంకస్ పరలోకంలో కలిసి ఉంటారని డెలావేర్ యువతులు పాడుతుంటే హాకై తల అడ్డంగా ఊపుతాడు. జాతుల కలయికను ఊహించగలిగిన కూపర్, దానిని అంగీకరించే సాహసం మాత్రం చేయలేకపోయాడని నా అభిప్రాయం. వ్యాసం రాసే ముందు చివరిదైన 33వ అధ్యాయాన్ని ఈ కోణంలో మరొకసారి చదవండి.