తాతగారి మెడల్ మీద వేరే పేరు ఉంది. ఊళ్ళో సైనికుల పేర్ల రాయి వేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (విజయనగరం జిల్లా నుంచి)

అందరికీ నమస్కారం. మా ఊళ్ళో ఎనిమిది మందిమి కలిసి రెండేళ్ళుగా ఊరి చరిత్ర పోగుచేస్తున్నాం. పేరుకు బృందమే గానీ రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు ఖాతా లేదు. రిటైరైన మాస్టార్లు ఇద్దరు, ఫోటో స్టూడియో ఆయన ఒకరు, మిగతా అంతా నాలా ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం. చెరువు గట్టు మీది వీరగల్లుకు (పాతకాలంలో వీరుడి జ్ఞాపకంగా నిలిపిన రాయి) ఎవరో వేసిన పెయింటు జాగ్రత్తగా తీయించి ఫోటోలు తీశాం. ఇప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నుంచి కార్గిల్ దాకా మా ఊరినుంచి మిలట్రీకి వెళ్ళినవాళ్ళ పేర్లతో హైస్కూలు గేటు పక్కన గ్రానైటు పలక పెట్టాలని పని మొదలుపెట్టాం. ఇప్పటికి 23 పేర్లు తేలాయి. 1947 తర్వాతవాళ్ళతో ఇబ్బంది లేదు, కాగితాలున్నాయి. ముందువాళ్ళు తొమ్మిది మంది ఉన్నారు, వాళ్ళతోనే చిక్కు.

మా తాతగారి ట్రంకుపెట్టెలో రెండు మెడల్స్ దొరికాయి. ఒకటి రాగి రంగులో ఆరు మొనల నక్షత్రం. రిబ్బను వెలిసిపోయింది గానీ మధ్యలో ఎరుపు, అటూ ఇటూ ముదురు నీలం, ఆ నీలం మధ్యలో సన్నటి నారింజ గీతలు తెలుస్తున్నాయి. రెండోది తెల్లటి బిళ్ళ, ఒకవైపు రాజుగారి తల, రెండోవైపు భారతదేశం పటం. నక్షత్రం వెనక ఒక నెంబరు, 'ఎస్.పి.ఆర్.', ఒక పేరు, చివర 'ఐ.ఇ.' అని ఇంగ్లీషులో ఉంది. ఆ పేరు మా తాతగారిది కాదు! ఆయనది ఇంటిపేరుతో కలిపి మూడు మాటల పేరు. అక్కడ ఉన్నది ఒక్క మాట, అదీ సగం. 'ఐ.ఇ. అంటే ఇండియా ఈస్ట్ అయ్యుంటుంది' అన్నారు మా మాస్టారు. ఎవరివో మెడల్స్ కొనుక్కొచ్చి పెట్టుకున్నారా అని ఇంట్లో టెన్షన్ మొదలైంది. ఆగస్టు 15కి రాయి నిలబెడదామని సర్పంచ్‌గారు తొందర పెడుతున్నారు. చింతపండుతో తోమితే అక్షరాలు ఇంకా బాగా కనబడతాయా?

సమాధానం 1 (రిటైర్డ్ సుబేదారు, శ్రీకాకుళం)

తోమొద్దు బాబూ. చింతపండు వద్దు, బ్రాసో అసలే వద్దు. పొద్దున్నే ఎండ వాలుగా పడే చోట పెట్టి, ఫోనుతో పక్కనుంచి ఫోటో తీయండి. నీడ పడి ప్రతి అక్షరమూ తేలుతుంది. తెల్ల బిళ్ళ అంచు చుట్టూ కూడా చూడండి. అక్కడా అదే నెంబరు ఉండొచ్చు.

మీరు చెప్పిన రిబ్బను బర్మా స్టార్‌ది, అంటే రెండో యుద్ధంలో బర్మా వైపు పనిచేసినవాళ్ళకు ఇచ్చిన నక్షత్రం. తెల్లది 1939-45 ఇండియా సర్వీస్ మెడల్. సాధారణంగా బ్రిటిష్ సైనికులకు పంపిన స్టార్ల మీద పేరు ఉండదు, మన సైన్యం వాళ్ళకు ఇచ్చినవాటిలో చాలావాటి మీద నెంబరు, ర్యాంకు, పేరు, దళం కొట్టి ఇచ్చారు. ఆ విషయంలో మీరు అదృష్టవంతులు. ఎస్.పి.ఆర్. అంటే సాపర్, ఇంజనీరింగ్ దళంలో సిపాయి. ఐ.ఇ. అంటే ఇండియన్ ఇంజనీర్స్. మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి, ఇండియా ఈస్ట్ కాదు. మన వైపు మనిషి గనక బెంగళూరు మద్రాస్ సాపర్స్ అయ్యే అవకాశమే ఎక్కువ. ఉల్సూరు చెరువు పక్కనే వాళ్ళ సెంటరు. ఇప్పటికీ మమ్మల్ని 'తంబీలు' అంటారు, తెలుగువాళ్ళం అయినా సరే.

పేరు గురించి కంగారు పడకండి. భర్తీ రోజున గుమస్తాకు ఏం వినబడితే అది రాశాడు. అప్పలస్వామి అప్పన్న అయిపోయాడు, ఇంటిపేరు ఎగిరిపోయింది. సైన్యంలో మనిషిని పట్టిచ్చేది నెంబరే. డిశ్చార్జి కాగితం వెతకండి. అందులో తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు రాసి ఉంటాయి. అది దొరికితే నెంబరుతో పాటు బెంగళూరు రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాయండి. జవాబుకు నెలలు పట్టొచ్చు, అసలు రాకపోనూ వచ్చు. రాయడం మాత్రం మానకండి.

సమాధానం 2 (రాజమహేంద్రవరం)

మా ఊళ్ళో పలక వేసి దెబ్బతిన్నవాణ్ణి, అందుకే చెబుతున్నా. ముందు రాయి కాదు, ఫ్లెక్సీ వేయండి. 23 పేర్లూ పెద్ద అక్షరాలతో రాసి, ప్రతి పేరు పక్కన ఖాళీ వదిలి, రామాలయం దగ్గరో రచ్చబండ దగ్గరో నెల రోజులు కట్టండి. కింద ఒక మార్కరు పెన్ను వేలాడదీయండి. ఊరంతా తప్పులు పట్టాక అప్పుడు గ్రానైటు. మేము అలా చేయలేదు. ఒకాయన తండ్రి పేరు తప్పు చెక్కించాం. మళ్ళీ చెక్కడానికి కుదరక సిమెంటు పూసి పైన రంగుతో రాశాం, రెండు వానలకే అది పోయింది. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ మాతో మాట్లాడరు.

ఇంకో మాట. 'తెల్లవాడి యుద్ధానికి వెళ్ళినవాళ్ళకు మన రాయి ఎందుకు' అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, మమ్మల్నీ అడిగారు. జీతం కోసం వెళ్ళినవాళ్ళున్నారు, కరువుకు వెళ్ళినవాళ్ళున్నారు, జపానువాళ్ళకు చిక్కి ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవాళ్ళూ ఉన్నారు. మొదటి యుద్ధం తర్వాత మన దేశంలో చాలా పల్లెల్లో సర్కారు పెట్టించిన చిన్న పాలరాతి పలకల మీద ఉన్నది ఒక్క ముక్కే: ఈ ఊరినుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్ళారు, వాళ్ళలో ఇంతమంది ప్రాణాలిచ్చారు. పొగడ్తలు లేవు. మీరూ 'వెళ్ళినవారు' అని పెట్టండి, 'అమరవీరులు' అన్న మాట చనిపోయినవారి పేర్ల దగ్గరే వాడండి. బతికొచ్చిన తాతగారి పేరు అమరవీరుల కింద చూసి ఆయన మనవలే నవ్వుకున్న సందర్భం నాకు తెలుసు.

సమాధానం 3 (హైదరాబాద్)

ఢిల్లీలో ఇండియా గేట్ మీద మన సైనికుల పేర్లన్నీ ఉంటాయట కదా, అక్కడ వెతికితే సరిపోదా?

సమాధానం 4 (బెంగళూరు)

లేదండీ, అక్కడే చాలామంది పొరబడతారు. 1931లో ప్రారంభమైన ఇండియా గేట్ మీది 13 వేలకు పైగా పేర్లు మొదటి ప్రపంచ యుద్ధం, 1919 అఫ్ఘాన్ యుద్ధం నాటివి. బర్మాకు వెళ్ళినవాళ్ళు అందులో ఉండరు. 2019 ఫిబ్రవరి 25న దాని పక్కనే ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకం మీద ఉన్నవి స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలిచ్చినవారి పేర్లు. అప్పటికి 25,942. మీ జాబితాలో 1962, 1965, 1971, కార్గిల్‌లలో చనిపోయినవారు ఉంటే అక్కడ సరిచూసుకోండి.

రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయినవారికి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (ఆ సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ) వెబ్‌సైటు ఉంది, ఉచితం. బతికొచ్చినవాళ్ళు అందులో ఉండరు కాబట్టి మీ తాతగారి కోసం అక్కడ వెతకొద్దు. తొమ్మిది మందిలో తిరిగిరానివాళ్ళ కోసం వెతకండి. ఒక కిటుకు చెబుతాను. పేరుతో వెతికితే దొరకరు, ఊరితో వెతకండి. 'ఫలానావారి కుమారుడు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా' అని అదనపు వివరాల్లో చాలామందికి రాసి ఉంటుంది. అప్పటి స్పెల్లింగులతో కొట్టాలి: విశాఖకు విజగపటం, కాకినాడకు కోకనాడ, ఏలూరుకు ఎల్లోర్, విజయవాడకు బెజవాడ. విజయనగరం అప్పుడు విజగపటం జిల్లాలోనే ఉండేది, 1979లో వేరు జిల్లా అయింది. నేను మా మేనమామ ఊరి పేరును నాలుగు రకాలుగా కొట్టాక ఐదో రకంలో ఇద్దరు దొరికారు.

సమాధి ఫోటో లేదని బాధపడకండి. బర్మా యుద్ధంలో జాడ తెలియకుండా పోయినవాళ్ళ పేర్లు దాదాపు 27 వేలు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో స్తంభాల మీద ఉన్నాయి. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులకు వేరే స్మారకాలున్నాయి. కోహిమాలో 917 మంది, ఇంఫాల్‌లో 868 మంది. అయితే మొదటి యుద్ధం విషయంలో జాబితాలే అసమానం. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కి, మన మామూలు సిపాయిలను చాలాచోట్ల దళం కింద సంఖ్యగా వేశారు. 2021లో ఆ కమిషనే విచారణ జరిపించి, నివేదికలో ఇది ఒప్పుకుంది. కనుక ఊళ్ళో ముసలివాళ్ళు ఒక పేరు చెప్పి, అది జాబితాలో లేకపోతే, ముసలివాళ్ళదే తప్పు అనుకోకండి.

సమాధానం 2 (మళ్ళీ)

దీనికి ముడిపడినదే ఇంకోటి. యుద్ధం జ్ఞాపకం అంటే మిలట్రీకి వెళ్ళినవాళ్ళదే కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ నుంచి జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. మీ ఊరు ఆ దారిలో ఉంటే, ఎవరింట్లో ఎవరు తలదాచుకున్నారో తెలిసినవాళ్ళు ఒకరో ఇద్దరో మిగిలుంటారు. ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి, రాయి ఎక్కడికీ పోదు. 'ఆ ఏడు ఏం తిన్నారు, రాత్రి దీపం పెట్టనిచ్చారా' అని అడిగితే మాటలు వస్తాయి. 'రెండో ప్రపంచ యుద్ధం గురించి చెప్పండి' అంటే నోరు మెదపరు.

సమాధానం 1 (మళ్ళీ)

స్థలం గురించి ఎవరూ చెప్పలేదు. స్కూలు గేటు పక్కన అంటే పంచాయతీ తీర్మానం, హెడ్మాస్టరు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటి మాట వద్దు, వచ్చే హెడ్మాస్టరు పీకించేస్తాడు. తేదీ విషయానికొస్తే ఆగస్టు 15న మీ పలక వైపు ఎవరూ చూడరు, పిల్లలు చాక్లెట్ల మీద ఉంటారు. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, 16 విజయ్ దివస్. ఆ పది రోజుల్లో పెట్టుకుంటే చుట్టుపక్కల మాజీ సైనికులూ వస్తారు. ఒకసారి తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం వెళ్ళి రండి, మిలటరీ మాధవరం అంటే బస్సు కండక్టరే దింపుతాడు. అక్కడి స్మారకం కొలతలు రాసుకురండి.

ప్రశ్న వేసినవారి జవాబు (ఐదు వారాల తర్వాత)

అందరికీ దండాలు. డిశ్చార్జి కాగితం దొరికింది. పెట్టెలో కాదు, దేవుడి గదిలో వెంకటేశ్వరస్వామి పటం వెనక అట్టకూ అద్దానికీ మధ్య మడతపెట్టి ఉంది. నెంబరు నక్షత్రం మీదిదే. పేరు ఆ సగం పేరే. తండ్రి పేరు మాత్రం సరిగ్గా మా ముత్తాతగారిది. గుర్తులు అన్నచోట కుడి మోకాలి కింద మచ్చ అని ఉంది. అది చదివి వినిపిస్తే మా నాయనమ్మ చెక్కభజన ఆపినట్టు ఒక్క క్షణం ఆగి, 'బండి చక్రం ఎక్కింది. అప్పటికి నేనింకా కాపరానికి రాలేదు' అంది. ఇంట్లో టెన్షన్ పోయింది. సుబేదారుగారూ, బెంగళూరుకు స్పీడ్ పోస్టు చేశాను. ఇక్కడ ఒక ఆఫీసుకు కూడా మూడుసార్లు తిరిగాను, ప్రతిసారీ వేరే కౌంటరు చూపించారు.

సర్పంచ్‌గారిని డిసెంబరుకు ఒప్పించాం. ఫ్లెక్సీ కట్టి పన్నెండు రోజులైంది. నాలుగు పేర్లు దిద్దారు. ఒక పేరు పక్కన ఎవరో 'వీడు వెళ్ళలేదు, పారిపోయి వచ్చాడు' అని రాశారు. అది ఎలా తేల్చాలో తెలియక పైన కాగితం అంటించాం. నిన్న పక్క పేటనుంచి ఒక ముసలమ్మ వచ్చి, మా మావగారి పేరేదీ అని అడిగింది. ఆయన బర్మా నుంచి రాలేదట. కాగితాలు ఏమీ లేవంది. అత్తగారికి మాత్రం చచ్చిపోయేదాకా నెలనెలా మనియార్డరు వచ్చేదట.

సమాధానం 1

మనియార్డరు వచ్చిందంటే ఫ్యామిలీ పింఛను అయ్యుంటుంది. మనియార్డరుతో వచ్చిన కూపన్లు ఒక్కటైనా దాచారేమో అడగండి, బియ్యం డబ్బాల్లోనూ పాత పంచాంగాల్లోనూ చూడమనండి. దాని మీద పింఛను నెంబరు ఉండొచ్చు. అది దొరక్కపోతే బెంగళూరు మేడమ్‌గారు చెప్పినట్టు ఆ పేట పేరుతో, పక్క పెద్ద ఊరి పేరుతో రెండు విధాలా వెతకండి. ఆయన పేరు ఇప్పుడే ఫ్లెక్సీ మీద 24గా రాసేయండి, పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి.