హనుమకొండలో తీసిన ఆ నవ్వుల ఆట: వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి

పోచమ్మమైదాన్ పిల్లగాడు
యూట్యూబ్‌లో శుక్రవారం రాత్రి వచ్చే ఆ నవ్వుల పోటీ అందరూ చూస్తున్నదే. పేరు రాస్తే ఇక్కడ చర్చ మూసేస్తున్నారు కాబట్టి రాయను. మొన్న మన హనుమకొండ ఫంక్షన్ హాల్లో తీసిన భాగం వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో గొడవే. వచ్చే విడతకు మా చెల్లిని పిలిచారు. బాపు వద్దంటున్నాడు. నావి మూడే ప్రశ్నలు. ఎంతసేపు కూర్చోబెడతారు? తిండి పెడతారా? గెలిస్తే బహుమతి నిజంగా చేతికి వస్తుందా?

కాజీపేట మూడో వరుస
నేను వెళ్లాను. ప్రేక్షకుల్లో కూర్చున్నాను. ఎర్ర లైటు వెలిగితే నవ్వాలి, పచ్చ లైటు వెలిగితే చప్పట్లు కొట్టాలి అని ముందే పాఠం చెప్పారు. మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ వేసేసరికి రెండు లైట్లూ ఒకేసారి వెలిగాయి. కొందరు నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు, నా ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, జనగణమన అనుకున్నాడో ఏమో. ఆ రాత్రి హాలంతా మనసారా నవ్వింది అప్పుడే. వీడియోలో ఆ ముక్క కోసేశారు.

సర్వపిండి
తిండి సంగతి తర్వాత. ఆ అమ్మాయికి జరిగిన అన్యాయం గురించి ఎవరూ నోరెత్తరేం? నోటినిండా నీళ్లు పోసుకుని, నవ్వకుండా, పలక మీద జవాబు రాయాలి. రామప్ప గుడి కట్టించింది ఎవరని ప్రశ్న. వ్యాఖ్యాత వేసిన కుళ్లు జోకుకు ఆమె నోట్లో నీళ్లు సగం పలక మీదే పడ్డాయి. అయినా రాసింది. ఆయన పలక లాక్కుని, ‘రుద్ర’ దగ్గర ఆగి, రుద్రమ అని తానే పూర్తిచేసి, సినిమా చూసి వచ్చావా అని ఎగతాళి చేసి, సరైన జవాబు గణపతిదేవుడని గంట కొట్టేశాడు.

ఇప్పుడు వీడియోను 47వ నిమిషం దగ్గర ఆపి చూడండి. పలక ఆమె కుర్చీకి ఆనించి ఉంది. తడి ఆరిపోయింది. ‘రేచర్ల రుద్రుడు’ అని గుండ్రంగా, ఒత్తుతో సహా ఉంది! తడి పలక మీద బలపంతో రాస్తే ఆ క్షణాన కనపడదు, ఆరాక తెల్లగా తేలుతుంది. ఒకటో తరగతి పలక పట్టినవాళ్లెవరికైనా తెలిసిన సంగతే.

వెయ్యి కాళ్ల జెర్రి
ఏం రాసినా తప్పే కదా. అప్పుడు రాజు గణపతిదేవుడు. తాజ్‌మహల్ ఎవరు కట్టించారంటే మేస్త్రీ పేరు చెబుతామా? పోటీ పరీక్షల పుస్తకంలోనూ గణపతిదేవుడి కాలం అనే ఉంది.

పాత పంతులు
ముప్పై రెండేళ్లు చరిత్ర చెప్పి దిగినవాణ్ని, కాస్త వినండి. ‘గణపతిదేవుడి కాలం’ వేరు, ‘గణపతిదేవుడు కట్టించాడు’ వేరు. పాలంపేటలో ఆ గుడి 1213 నాటిది. కట్టించింది రేచర్ల రుద్రుడు, గణపతిదేవుడి సేనాపతి. మేస్త్రీ కాదు నాయనా. 1163లో వేయిస్తంభాల గుడి కట్టించిన కాకతి రుద్రదేవుడు వేరే ఆయన, గణపతిదేవుడికి పెదనాన్న. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. ముగ్గురినీ ఒకే ముద్దగా కలిపి మింగితే ఇలాగే గొంతులో అడ్డం పడుతుంది. జవాబు పత్రాల్లో ఈ తప్పును ఏటా దిద్దాను, ఇప్పుడు యూట్యూబ్‌లో కూడా దిద్దాల్సి వస్తోంది.

ఏనుమాముల ఘాటు
అసలు శిల్పి పేరు ఎవరూ ఎత్తరేం? గుడికి ఉన్న పేరే రామప్పది. నా లెక్కలో అదీ సరైన జవాబే. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన మరుసటి ఆదివారం మా వాళ్లందరం వెళ్లాం. నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం కట్టారని గైడు చెబితే మా చిన్నోడు వాటర్ బాటిల్ మూత తీసి ఇటుక ఎక్కడ అని అడిగాడు.

వెయ్యి కాళ్ల జెర్రి
పంతులుగారూ, నన్ను నాయనా అనకండి. నాకు నలభై ఏళ్లు.

పాత పంతులు
నలభై ఏళ్లొచ్చినా కట్టించినవాడికీ కట్టినవాడికీ తేడా తెలియనివాణ్ని నాయనా అనడం నా మర్యాద.

వెయ్యి కాళ్ల జెర్రి
మీ దగ్గర చదవనందుకు భద్రకాళి అమ్మవారికి కొబ్బరికాయ కొడతాను.

పెళ్లి సౌండు
గుడి వదిలేయండి. ఆ నవ్వుల్లో సగం హాల్లోవి కావు, ఎవరూ గమనించలేదా? పన్నెండేళ్లుగా పెళ్లిళ్లకు, బోనాలకు సౌండు కడుతున్నాను, ఒక చెవితో విన్నా చెప్పగలను. 11వ నిమిషంలో ఒక ఆడగొంతు ‘హిహ్హీ’ అని చివర సాగదీస్తూ నవ్వుతుంది. 23లో మళ్లీ అదే. 38లో మళ్లీ అదే, సాగదీత కూడా అంతే. అతికించినవి! అమెరికాలో 1950లలో చార్లీ డగ్లస్ అనే సౌండు ఇంజనీరు నవ్వుల పెట్టె ఒకటి తయారుచేశాడు. ఒక్కో మీటకు ఒక్కో రకం నవ్వు. పెట్టెకు తాళం వేసి, లోపల ఏముందో ఎవరికీ చూపేవాడు కాదట. వీళ్లకు ఒకే ఒక్క మీట దొరికినట్టుంది. ఆ పని నాకిచ్చి ఉంటే కనీసం పది రకాల నవ్వులు వేసేవాణ్ని.

కాజీపేట మూడో వరుస
అన్నా, ఆ హిహ్హీ మా మేనత్తది. నా పక్కనే కూర్చుంది. అయితే ఒక మాట నిజం. 38వ నిమిషంలో వచ్చే జోకు తీసేసరికి ఆమె ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది.

సర్వపిండి
మేనత్త నవ్వుకు డబ్బులిచ్చారా?

మానేరు గట్టు
నవ్వులు అతికిస్తే అతికించారు, మన మాటను వెక్కిరించడం నాకు నచ్చలేదు. తెలివితక్కువ పాత్ర వచ్చిన ప్రతిసారీ దానికి మన యాసే పెడతారు. బయటివాళ్లకు ఇదొక అలవాటైపోయింది.

ఏనుమాముల ఘాటు
బయటివాడెవరు? ఆ వ్యాఖ్యాతది జమ్మికుంట. తన ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు. మీకు వెక్కిరింతలా వినిపిస్తే లోపం వినేవాళ్లది.

మానేరు గట్టు
జమ్మికుంట అయితే మరీ సిగ్గుచేటు. ఇంటివాడే ఇంటి పరువు తీస్తే ఎవరికి చెప్పుకోవాలి? మాది కరీంనగర్, నాకు మీరు నేర్పక్కర్లేదు.

గోదావరిఖని రెండో షిఫ్టు
బహుమతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. పోయిన విడతలో మా తమ్ముడు ఫ్రిజ్ గెలిచాడు. వీడియోలో దాని పక్కన నిలబెట్టి ఫోటో తీశారు, తలుపు తెరిపించారు, లోపల లైటు కూడా వెలిగింది. నాలుగు నెలలైంది. ఫోటో వచ్చింది, ఫ్రిజ్ రాలేదు. ఇప్పుడు పన్నెండు వేలు ముందు పంపితే లారీలో వేస్తామంటున్నారు. పచ్చి మోసం. మీ చెల్లిని పంపకండి.

చలానా
మోసమని అప్పుడే అనకండి. ఫ్రిజ్ విలువ ఎంతన్నారు?

గోదావరిఖని రెండో షిఫ్టు
నలభై వేలు.

చలానా
అయితే లెక్క సరిగ్గానే ఉంది. ఆటల పోటీలో గెలిచినది పది వేలు దాటితే 30 శాతం పన్ను. నగదైతే కోసుకుని ఇస్తారు. వస్తువైతే కోయలేరు కదా, పన్ను కట్టాకే వస్తువు ఇవ్వాలని చట్టం. మీ తమ్ముడి సంపాదన పన్ను పరిధిలోకి రాకపోయినా దీని నుంచి మినహాయింపు లేదు. ఇంతకీ పాన్ నంబరు అడిగారా? డబ్బు ఎక్కడికి పంపమన్నారు?

గోదావరిఖని రెండో షిఫ్టు
పాన్ అడగలేదు. ఎవరిదో ఫోన్ నంబరు ఇచ్చి దానికి కొట్టమన్నారు.

చలానా
అయితే రూపాయి కూడా పంపకండి. పన్ను కడితే అది మీ తమ్ముడి పాన్ మీద ఆదాయపు పన్ను శాఖ రికార్డులో కనపడాలి. పాన్ లేకుండా ఎవరి పేరు మీద కడతారు?

వెయ్యి కాళ్ల జెర్రి
గణపతిదేవుడి పేరు మీద.

పాత పంతులు
ఇది మాత్రం బాగుంది నాయనా.

పోచమ్మమైదాన్ పిల్లగాడు
అందరికీ దండాలు. నేను అడిగినవి మూడు, ఒకదానికి జవాబు వచ్చింది. తిండి?

కాజీపేట మూడో వరుస
సాయంత్రం అయిదింటికి రమ్మన్నారు, వదిలింది పదకొండు దాటాక. ఏడింటికి ఉప్మా పెట్టారు, పోటీలో ఉన్నవాళ్లకు అదీ లేదు. నోట్లో నీళ్లు నిలవాలంటే కడుపు ఖాళీగా ఉండాలట. మీ చెల్లిని ఇంట్లోనే తిని వెళ్లమనండి.

పోచమ్మమైదాన్ పిల్లగాడు
చర్చ మొత్తం చెల్లికి చదివి వినిపించాను. వెళ్తానంటోంది. సంచిలో పాన్ కార్డు, రెండు బలపాలు, పలక తుడుచుకోవడానికి పొడి గుడ్డ పెట్టుకుంది. బాపు సగం మెత్తబడ్డాడు, తానూ వచ్చి ముందు వరుసలో కూర్చుంటానంటున్నాడు.

కాజీపేట మూడో వరుస
మా మేనత్తనూ పంపమంటారా? ఈసారి చివరిదాకా ఉంటానంటోంది.

పెళ్లి సౌండు
మైకుకు దూరంగా కూర్చోబెట్టండి.